ఎరొంగో: పారే ఏరు లేని సీమలో ఎనిమిది రోజులు

మొదటి రోజు

నమీబియా రాజధాని విండ్‌హుక్ నుంచి ఉదయం ఏడున్నరకు బయలుదేరి ఒకహండ్యా దగ్గర పడమటికి మళ్ళిన తరవాత, రోడ్డుకు అడ్డంగా ఎండిన నదులు ఒకదాని వెనుక ఒకటి రావడం మొదలయింది. వంతెన దగ్గర నది పేరు రాసిన పలక నిటారుగా నిలబడి ఉంటుంది. కిందికి తొంగి చూస్తే ఇసుక తప్ప ఏమీ కనబడదు. ఎడతెగక పారే ఏరు లేని ఊళ్ళో అడుగు పెట్టవద్దని చిన్నప్పుడు బడిలో వల్లె వేసినవాణ్ణి కావడంవల్ల, మేము తిరగబోయే సీమలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటైనా లేదన్న సంగతి మొదటి గంట నుంచే నన్ను పట్టుకుంది. ఇక్కడివాళ్ళు ఏ నీళ్ళు తాగి బతుకుతున్నారన్నదే ఈ ప్రయాణం పొడవునా నేను కనబడిన వారినల్లా అడుగుతూ పోయిన ప్రశ్న.

నమీబియాలోని 14 పాలనా ప్రాంతాలలో ఎరొంగో ఒకటి. దేశం 1990లో దక్షిణాఫ్రికా నుంచి స్వాతంత్ర్యం పొందిన రెండేళ్ళకు ఈ ప్రాంతాలు ఏర్పడ్డాయి. లోపలి భాగాన ఉన్న ఎరొంగో కొండల పేరే దీనికి పెట్టారు. విస్తీర్ణం సుమారు 63,500 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి పైగానే. జనం మాత్రం 2023 లెక్కల ప్రకారం సుమారు 2 లక్షల 40 వేలు. ఆ జనంలో ఎక్కువమంది సముద్రాన్ని ఆనుకుని ఉన్న రెండు ఊళ్ళలోనే ఉంటారు గనుక, మిగిలిన నేలంతా దాదాపు ఖాళీ.

మా బండి నడిపినాయన ఉత్తరాది ఓవాంబో కుటుంబంలో పుట్టినవాడు. పెద్దవాళ్ళను గౌరవించి పిలవడానికి ఓషివాంబో భాషలో మగవారిని 'టాటె' అనీ, ఆడవారిని 'మేమె' అనీ అంటారు. ఆయన తొలిసారి పిలిచినప్పుడు నాకది 'తాత' అని వినబడి, అరవై దాటిన మాట నిజమే అయినా కొంచెం నొచ్చుకున్నాను. మా ఆవిడ మాత్రం ఆ పూటంతా నవ్వుతూనే ఉంది.

పాలరాతి గనులకూ, నవచాబ్ బంగారు గనికీ పేరుపడిన కరిబిబ్‌లో టీ తాగి, ఒకప్పుడు రైలు ఇంజన్ల మరమ్మతు కేంద్రంగా వెలిగి ఇప్పుడు నిద్రపోతున్న ఉసకోస్ దాటాము. అక్కడి నుంచి నేల సముద్రం వైపు వాలుతూ పోతుంది. చెట్లు పొదలయ్యాయి, పొదలు గడ్డి అయ్యాయి, తరవాత గడ్డి కూడా లేదు. కుడివైపు స్పిట్జ్‌కొప్పె గ్రానైటు శిఖరం చాలాసేపు మాతోపాటే నడిచినట్టు కనబడింది. కరిబిబ్‌లో చొక్కా చేతులు మడుచుకున్నవాణ్ణి అరండిస్ దాటగానే స్వెట్టర్ వెతుక్కున్నాను. ఎదురుగా తెల్లటి గోడలాగా పొగమంచు నిలబడి ఉంది. ఆగస్టు నెల మిట్టమధ్యాహ్నం దీపాలు వేసుకుని స్వాకోప్‌మున్డ్ చేరుకున్నాము.

రెండవ రోజు

ఈ ప్రాంతానికి ముఖ్యపట్టణమైన స్వాకోప్‌మున్డ్ ఇక్కడ పుట్టవలసిన ఊరు కాదు. ఈ తీరంలో ఓడలు నిలవడానికి అనువైన లోతున్న సహజమైన రేవు వాల్విస్ బే ఒక్కటే. దాన్ని 1878లోనే బ్రిటిషువారు స్వాధీనం చేసుకున్నారు. 1884లో చుట్టుపక్కల దేశాన్నంతా వలసగా ప్రకటించుకున్న జర్మన్లకు రేవు లేకపోయింది. అందుకని 1892లో కుర్ట్ ఫాన్ ఫ్రాన్సువా అనే సైనికాధికారి స్వాకోప్ నది ముఖాన, అలలకు అడ్డమే లేని చోట, ఈ ఊరిని స్థాపించాడు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, లైబీరియా తీరం నుంచి తెచ్చిన క్రూ జాతి పడవవాళ్ళు మనుషులనూ సామాన్లనూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. 1903లో అలలకు అడ్డంగా కట్టిన రాతి గోడ చుట్టూ మూడేళ్ళలోనే ఇసుక పేరుకుపోయింది. 1905లో సముద్రంలోకి కర్రవంతెన వేశారు. 1912లో మొదలుపెట్టిన ఇనుప వంతెన, మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో సగంలో ఆగింది. దాని చివర నిలబడి గాలికి టోపీ పట్టుకుంటూ, ఒక రేవు కోసం ఇంత పట్టుదలా అనుకున్నాను.

ఊరు చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. 1902 నాటి దీపస్తంభం, 1905 నాటి వోర్మాన్ భవనం, కొయ్య చట్రాల మేడలు, బేకరీల్లో వేడివేడి జర్మన్ రొట్టెలు. ఊరి శివార్లలో 'మార్టిన్ లూథర్' అనే ఆవిరి ట్రాక్టరు ఉంది. ఎద్దుబండ్ల బదులు సరుకు లాగిద్దామని 1896లో దాన్ని తెప్పించారు. అది తాగే నీళ్ళు మోయడానికే దాని సత్తువ సరిపోయి, చివరికి ఇసుకలో కూలబడింది. 'ఇక్కడే నిలబడ్డాను, మరోలా చేయలేను' అన్నాడని చెప్పుకునే మతసంస్కర్త పేరును ఊరివాళ్ళు దానికి తగిలించారు. ఎడారికి నీళ్ళు తాగే యంత్రాన్ని తెచ్చినవాళ్ళ తెలివిని ఇంతకన్నా బాగా ఎవరూ వెక్కిరించలేరు.

మధ్యాహ్నం శ్మశానానికి వెళ్ళాము. అక్కడ ఒక వైపు పాలరాతి శిలువలూ పూలూ ఉన్న జర్మన్ సమాధులు. రెండో వైపు, నది ఇసుక దిక్కుగా, పేరుగానీ రాయిగానీ లేని మట్టి దిబ్బలు వరసలు వరసలుగా ఉన్నాయి. 1904లో ఇక్కడి హెరెరో జాతివారు జర్మన్ పాలన మీద తిరగబడ్డారు. ఆ ఏడాది అక్టోబరు 2న సేనాపతి లోథార్ ఫాన్ ట్రోథా, దేశం సరిహద్దులలో కనబడిన ప్రతి హెరెరోనూ కాల్చివేయాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఎడారిలోకి తరిమినవారిలో ఎంతోమంది నీళ్ళు లేకనే చనిపోయారు. మిగిలినవారినీ, తరవాత నామా జాతివారినీ నిర్బంధ శిబిరాలలో పెట్టారు. వాటిలో ఒకటి ఈ ఊళ్ళోనే ఉండేది. ఓడల నుంచి సరుకు దించడానికీ రైలుదారి వేయడానికీ వాడుకున్న ఖైదీలు, ఈ చలిగాలికి చాలీచాలని బట్టలతో, తిండితో, గుంపులుగా చనిపోయారు. ఆ దిబ్బలు వాళ్ళవే. 2021లో జర్మనీ దీన్ని జాతిహననంగా ఒప్పుకుని, ముప్పై ఏళ్ళలో 110 కోట్ల యూరోలు అభివృద్ధికి ఇస్తానంది. తమతో నేరుగా మాట్లాడకుండా కుదిరిన ఒప్పందం తమకు వద్దని హెరెరో, నామా నాయకులు చాలామంది తోసిపుచ్చారు. ఊరి నడుమ, దీపస్తంభానికి దగ్గరలో, ఆ తిరుగుబాటును అణచడానికి వచ్చి చనిపోయిన జర్మన్ నావికుల కంచు విగ్రహం 1908 నుంచి నిలబడి ఉంది. ఉదయం దాన్ని ఫోటో తీసుకున్నందుకు సాయంత్రం నాకు సిగ్గేసింది.

తిరిగి వస్తూ నల్లజాతివారి కోసం వేరుగా కట్టిన మొండేసా పేటనూ, దానికి అవతల పెరుగుతున్న రేకుల ఇళ్ళ బస్తీనీ చూశాము. తాత్కాలికమని చెప్పి మొదలుపెట్టిన ఆ బస్తీలో ముందే డబ్బు కట్టి ఉమ్మడి కుళాయిల దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. సముద్రం ఒడ్డున మా బస ముందు మాత్రం పచ్చిక తడితడిగా ఉంది.

మూడవ రోజు

వాల్విస్ బే దక్షిణంగా అరగంట ప్రయాణం. ఎడమ వైపు ఇసుక తిన్నెలు, కుడి వైపు సముద్రం, మధ్యలో రోడ్డు. దారిలో సముద్రంలో కొయ్య స్తంభాల మీద నిలిపిన పెద్ద బల్లలాంటి కట్టడం కనబడింది. పక్షుల రెట్ట ఎరువుగా అమ్ముడుపోతుందని గ్రహించిన అడోల్ఫ్ వింటర్ అనే వడ్రంగి 1930ల్లో దాన్ని కట్టించాడు. నీటికాకులు వేల సంఖ్యలో వాలి, ఇప్పటికీ అతని పెట్టుబడికి వడ్డీ కడుతూనే ఉన్నాయి.

ఈ పక్షులకు తిండి పెడుతున్నది బెంగెలా ప్రవాహం. దక్షిణం నుంచి వచ్చే ఈ చల్లటి ప్రవాహంలో అడుగునీరు పైకి పొంగి పోషకాలను తెస్తుంది; వాటి మీద సూక్ష్మజీవులు, వాటి మీద చేపలు, చేపల మీద పక్షులూ మనుషులూ బతుకుతారు. అదే చల్లదనం ఈ తీరాన్ని ఎడారి చేసింది. సముద్రపు గాలి చల్లటి నీటి మీదుగా వచ్చేసరికి దానిలోని తేమ పొగమంచవుతుందే తప్ప, పైకి లేచి మేఘమై కురవదు. స్వాకోప్‌మున్డ్‌లో ఏడాదంతా కలిపినా 20 మిల్లీమీటర్ల వాన పడదు. అప్పుడప్పుడు అడుగున కుళ్ళిన బురద నుంచి గంధకపు వాయువు పైకి తన్ని, ఊరంతా కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేస్తుందట. మేము వెళ్ళిన రోజు చేపల ఫ్యాక్టరీల వాసనే ఉంది. దానికే మా ఆవిడ కొంగు ముక్కుకు చుట్టుకుంది.

ఊరి పక్కనున్న ఉప్పుటేరు 1995 నుంచి రామ్సర్ చిత్తడినేలల జాబితాలో ఉంది. వేల ఫ్లెమింగోలు మోకాటి లోతు నీళ్ళలో తలకిందులుగా ముక్కులు ముంచి, అడుగులు కదుపుతూ మేస్తున్నాయి. పులికాట్‌లో చలికాలం చూసే పెద్ద రకంతో పాటు, ముదురు ముక్కున్న చిన్న రకం కూడా ఇక్కడ పుష్కలం. అవతల ఉప్పుమళ్ళు గులాబీ రంగులో మెరుస్తున్నాయి. కుప్పలు పోసిన ఉప్పును దూరం నుంచి చూసి మంచు కొండలనుకున్నాను.

ఈ ఊరి చరిత్రలో నాకు అన్నిటికన్నా వింతగా తోచినది సరిహద్దు కథ. బ్రిటిషువారు 1884లో దీన్ని కేప్ కాలనీలో కలపడంవల్ల, ఇది దక్షిణాఫ్రికా సొత్తయింది. 1990లో నమీబియా స్వతంత్రమైనప్పుడు దేశానికంతటికీ ఉన్న ఒకే ఒక్క లోతైన రేవు మాత్రం దక్షిణాఫ్రికా చేతిలోనే ఉండిపోయింది. నిన్న మేము పడుకున్న ఊరికీ, ఇవాళ వచ్చిన ఊరికీ మధ్య నాలుగేళ్ళపాటు అంతర్జాతీయ సరిహద్దు ఉండేదన్నమాట. 1994 ఫిబ్రవరి 28 అర్ధరాత్రి, తీరంలోని పన్నెండు దీవులతో సహా, అది నమీబియా చేతికి వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందటి ఎన్నికలకు కాపలా కాసిన ఐక్యరాజ్యసమితి సేనకు నాయకుడు భారత సైన్యానికి చెందిన దీవాన్ ప్రేమ్‌చంద్ అని చెబితే మా సారథి ఆశ్చర్యపోయాడు. ఆ ఎన్నికల నాటికి ఆయన పుట్టనే లేదు.

ఇప్పుడు జాంబియా రాగి, బోట్స్వానా సరుకులు ఈ రేవు మీదుగానే పోతాయి. సముద్రాన్ని పూడ్చిన 40 హెక్టార్లలో కట్టిన కంటైనర్ టెర్మినల్‌ను 2019లో తెరిచారు. సాయంత్రం 'ఏడో నంబరు తిన్నె' ఎక్కుదామని బయలుదేరి, మూడో వంతు ఎక్కి, ఊపిరాడక, కూర్చుని జారుకుంటూ దిగివచ్చాను.

నాలుగవ రోజు

కుయిసెబ్ నది వెంట లోపలికి, గోబాబెబ్ ఎడారి పరిశోధన కేంద్రానికి ముందుగా అనుమతి తీసుకుని వెళ్ళాము. 1962లో చార్ల్స్ కోఖ్ అనే పురుగుల శాస్త్రవేత్త స్థాపించిన ఈ కేంద్రం మూడు లోకాల కూడలిలో ఉంది. దక్షిణాన ఎర్రటి ఇసుక తిన్నెల సముద్రం. ఉత్తరాన కనుచూపు మేర చదునైన గులకరాళ్ళ నేల. నడుమ కుయిసెబ్ ఇసుక పడక, దాని గట్టున తుమ్మజాతి చెట్లు. ఇసుక ఉత్తరానికి పాకకుండా ఆపుతున్నది ఈ ఎండిన నదే. కొన్నేళ్ళకొకసారి ఎగువన వానలు పడి వరద వచ్చినప్పుడు, అంతవరకు పడకలోకి జారిన ఇసుకనంతా ఊడ్చుకుపోతుంది. తిన్నెల సముద్రాన్ని 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

తెల్లవారుజామున చలిలో తిన్నె శిఖరం దగ్గర కాపు కాస్తే, గోరంత నల్ల పురుగులు ఇసుకలోంచి పైకి వచ్చి, గాలికి ఎదురుగా తల కిందికీ వెనుకభాగం పైకీ పెట్టి నిలబడడం చూశాము. పొగమంచు వాటి వీపు మీద బిందువులై, జారి, నోట్లో పడుతుంది. ఈ విద్యను 1976లో విలియం హామిల్టన్, మేరీ సీలీ లోకానికి వెల్లడి చేశారు. ఒక్కొక్క పురుగు పది నిమిషాలకు పైగా కదలకుండా శీర్షాసనం వేసింది. నా జీవితంలో ఒక గుక్క నీటి కోసం అంత ఓపిక పట్టిన జ్ఞాపకం లేదు.

ఈ నది వెంట తోప్నార్లు అనే నామా తెగవారు చిన్న చిన్న పల్లెలలో ఉంటారు. వారికి ఆధారం 'నారా' కాయ. మనకు ఇంటిపేరులా వినబడే ఆ మాటకు ముందు నాలుకతో టక్కుమనిపించాలి. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా అక్కడి పిల్లలు నవ్వారు. ఆకులే లేని ముళ్ళ పొద అది. ఆకుపచ్చటి కొమ్మలతోనే ఆహారం తయారుచేసుకుంటుంది, వేళ్ళు ఎన్నో మీటర్లు దిగి ఇసుక అడుగున నీటిని అందుకుంటాయి. కాయలోని గుజ్జును ఉడికించి, ఎండబెట్టి దాచుకుంటారు; గింజలు గుమ్మడి గింజల్లా కమ్మగా ఉన్నాయి. నది కింద దాగిన ఆ నీటినే గొట్టపు బావులతో లాగి వాల్విస్ బే కుళాయిలకు పంపుతున్నారు. నారా పొదా నగరమూ ఒకే పాత్రలో తాగుతున్నాయన్నమాట.

అయిదవ రోజు

స్వాకోప్ నది లోయలో నీరూ గాలీ కలిసి కొరికిన రాతి గుట్టలను చంద్రమండలమని పిలుస్తారు. పేరు సరిగ్గానే పెట్టారు, అంతకన్నా చెప్పడానికి లేదు. దాన్ని దాటితే వెల్విచియా మైదానం. 1859లో ఫ్రీడ్రిఖ్ వెల్విచ్ అనే వైద్యుడు అంగోలా దక్షిణాన చూసి లోకానికి తెలిపిన ఈ మొక్కకు జీవితమంతా రెండే రెండు ఆకులు. అవి మొదట్లో పెరుగుతూ, కొసల్లో చిరిగి పీలికలవుతూ, నేల మీద కుప్ప పడి ఉంటాయి. చూడడానికి ఎవరో పారేసిన పాత తోలు పట్టీల పోగులా ఉంటుంది. పెద్ద మొక్కల వయసు వెయ్యేళ్ళ పైమాట. ఆడ, మగ మొక్కలు వేరువేరు.

ఈ మైదానం కిందా చుట్టుపక్కలా యురేనియం ఉంది. అరండిస్ దగ్గరి రోస్సింగ్ గని 1976లో మొదలైంది. మూడు కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, 390 మీటర్ల లోతున్న గొయ్యి అది. నమీబియా వనరులను అనుమతి లేకుండా తవ్వుకోరాదని ఐక్యరాజ్యసమితి నమీబియా మండలి 1974లోనే ఆజ్ఞ జారీ చేసినా, ఖనిజం పాశ్చాత్య దేశాల అణువిద్యుత్ కేంద్రాలకు పోతూనే ఉండేది. 2019లో రియో టింటో సంస్థ తన వాటాను చైనా ప్రభుత్వ సంస్థకు అమ్మింది. 2016లో ఉత్పత్తి మొదలుపెట్టిన హుసాబ్ గని కూడా చైనా పెట్టుబడే. ప్రపంచంలో యురేనియం ఎక్కువగా తీసే దేశాలలో నమీబియాది ముందు వరస. భారత్ కూడా 2009లో ఈ దేశంతో అణు సహకార ఒప్పందం చేసుకుంది. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని గురించి చదివినవాణ్ణి కావడంవల్ల, రోడ్డు మీద నుంచి కనబడిన వ్యర్థపు గుట్టలను చూసినప్పుడు నా మొదటి ఆలోచన నీటి మీదికే పోయింది.

గనికి నీళ్ళు కావాలి, చాలా కావాలి. నదుల అడుగు నీరు చాలక, వ్లోట్జ్‌కస్‌బాకెన్ దగ్గర ఒక ఫ్రెంచి కంపెనీ తన ట్రెకోప్యె గని కోసం ఏడాదికి 2 కోట్ల ఘనమీటర్ల సామర్థ్యంతో సముద్రపు నీటిని తీపి చేసే కర్మాగారం కట్టింది. యురేనియం ధర పడిపోయి ఆ గని మూతపడింది. కర్మాగారం మాత్రం మిగిలి, ఇప్పుడు ఇతర గనులకూ ఊళ్ళకూ నీరు అందిస్తోంది. మా బస ముందరి పచ్చిక సంగతి నాకు అప్పుడు అర్థమయింది.

ఆరవ రోజు

ఉత్తరానికి పోయే తీరపు దారి చాలా భాగం తారు వేసినట్టే నల్లగా నున్నగా ఉంటుంది, కాని అది ఉప్పు రోడ్డు. జిప్సం కలిసిన మట్టిని చిక్కటి ఉప్పునీటితో తడిపి అణచివేస్తే గట్టిపడుతుంది. పొగమంచు దాన్ని ఎండి పగలకుండా కాపాడుతుంది. మంచు ఎక్కువైతే మాత్రం సబ్బు రాసినట్టు జారుతుంది. రోడ్డు పక్కన నేల మీద నారింజ, బూడిద రంగుల మచ్చలు రాతిపువ్వు జాతివి; ఒక్క బండి చక్రం తొక్కిన గాడి కూడా ఎన్నో ఏళ్ళు మానదు.

హెన్టీస్‌బాయికి ఇవతల, అలల్లో పక్కకు ఒరిగిన 'జైలా' అనే చేపల ఓడ తుప్పు పట్టి నిలిచి ఉంది. తుక్కు కింద ఒక భారతీయ సంస్థ కొన్న ఈ ఓడ, 2008 ఆగస్టులో వాల్విస్ బే నుంచి ముంబయి వైపు లాక్కుపోతుండగా తాడు తెగి ఇక్కడ ఇరుక్కుంది. మనవైపు రావలసినది ఇలా నీటికాకుల పాలయిందని మా ఆవిడ అంది.

కేప్ క్రాస్ దగ్గర బండి తలుపు తీయకముందే వాసన తెలిసింది. ఈనే కాలంలో ఇక్కడ రెండు లక్షల దాకా సీళ్ళు అనే సముద్రజంతువులు చేరతాయి. ఆగస్టులో అంత లేకపోయినా, బండల మీద కాలు పెట్టడానికి చోటు లేనట్టు పడుకుని, మేకల మందలాగా అరుస్తున్నాయి. పిల్లలు తల్లుల మీదుగా దొర్లుతున్నాయి, నక్కలు ఓరగా తిరుగుతున్నాయి. జూలై నుంచి నవంబరు దాకా ప్రభుత్వం ఇచ్చే కోటా ప్రకారం ఇక్కడే వీటిని చంపుతారు. ఆ పని ముగిశాక యాత్రికులను రానిస్తారు. ఈ సంగతి తెలిశాక ఆ అరుపులు ముందులాగా వినబడలేదు.

1486లో పోర్చుగీసు నావికుడు డియోగో కావ్ ఇక్కడ దిగి రాతి శిలువ నాటిపోయాడు. 1893లో జర్మన్లు దాన్ని పెకలించి తీసుకుపోయి, దానికి బదులు నకలు పెట్టారు. 2019లో బెర్లిన్ మ్యూజియం అసలు దాన్ని నమీబియాకు తిరిగి ఇచ్చేందుకు ఒప్పుకుంది.

ఏడవ రోజు

తగరపు గని ఊరైన ఉయిస్ దాటి బ్రాండ్‌బెర్గ్ చేరాము. 2,573 మీటర్ల శిఖరంతో దేశంలోకెల్లా ఎత్తైన ఈ గ్రానైటు కొండకు, సాయంకాలపు ఎండలో నిప్పులా వెలగడంవల్ల జర్మన్లు మండే కొండ అని పేరు పెట్టారు. దమరా భాషలోనూ దౌరెస్ అనే పేరుకు అదే భావం. హెరెరోలకు అది దేవతల కొండ.

త్సిసాబ్ లోయలో దమరా యువతి ఒకామె మాకు దారి చూపింది. గంట నడిస్తే ఒక గుహచూరు కింద 'శ్వేతవనిత' అని పేరుపడిన బొమ్మ ఉంది. 1918లో రైన్‌హార్డ్ మాక్ అనే భూమాపకుడు దీన్ని చూశాడు. తరవాత ఫ్రెంచి పండితుడు ఆంరీ బ్రూయ్, ఈ బొమ్మ మధ్యధరా తీరపు తెల్లజాతి స్త్రీదని తేల్చాడు. ఆఫ్రికావాళ్ళు ఇంత చక్కగా గీయగలరని ఒప్పుకోవడం ఆ రోజుల్లో కష్టమయింది కాబోలు. ఇప్పటి పండితుల మాట ప్రకారం ఆ బొమ్మ స్త్రీదీ కాదు, తెల్లవారిదీ కాదు: ఒంటికి తెల్ల రంగు పూసుకుని, చేతిలో విల్లు పట్టుకున్న శాన్ జాతి మాంత్రికుడు. 'పేరు మాత్రం మారలేదు, మార్చితే ఎవరూ రారు' అని మా మార్గదర్శి నవ్వింది. ఈ కొండ మీద 1977 నుంచి 1985లో చనిపోయేదాకా హెరాల్డ్ పేగర్ అనే చిత్రకారుడు, సహాయకులతో నెలల తరబడి పైనే మకాం ఉండి, నలభై వేలకు పైగా బొమ్మలకు నకళ్ళు తీశాడు. కొండ మీద నీళ్ళెక్కడివని అడిగాను. బండల సందుల్లో ఊటలున్నాయనీ, బొమ్మలున్న చోట్ల చాలావాటికి దగ్గరలో నీటి చోటు కూడా ఉంటుందనీ ఆమె చెప్పింది.

ఎనిమిదవ రోజు

ఓమరూరు అంటే హెరెరో భాషలో చేదు అని అర్థం. ఇక్కడి పొదలు మేసిన ఆవుల పాలు చేదెక్కేవట. 1904లో హెరెరోలు ఈ ఊరి మీద వేసిన ముట్టడిని ఛేదించిన జర్మన్ సైనికాధికారి విక్టర్ ఫ్రాంకె పేర 1908లో కట్టిన బురుజును బయటి నుంచే చూసి వచ్చేశాము. బజారులో హెరెరో స్త్రీలు, మిషనరీల భార్యల నుంచి నేర్చుకున్న పెద్ద కుచ్చెళ్ళ గౌనులతో, ఆవు కొమ్ములలా రెండు వైపులా సాగిన తలగుడ్డలతో, అవే వేషమున్న బొమ్మలు అమ్ముతున్నారు. మా ఆవిడ రెండు కొన్నది.

ఊరి నడుమ నది, ఎప్పటిలాగే ఇసుక. వంతెన దిగువన ఒక కుర్రవాడు మోకాలి లోతు గొయ్యి తవ్వుతూ కనబడ్డాడు. మా ఊరి పెన్న ఇసుకలో వేసవిలో తీసే చెలమ గుర్తొచ్చి, బండి ఆపించి దిగాను. అడుగున ఇసుక నల్లబడింది, తరవాత మెరిసింది, కాసేపటికి అరచేయంత నీరు ఊరింది. కుర్రవాడు పక్కకు తప్పుకుని ఈల వేశాడు. గట్టు మీద కాచుకుని ఉన్న నాలుగు ఆవులు వరసలో దిగి వచ్చాయి.